తిరిగి రానివారి ఓటు

ఎల్లాజీ సముద్రం మీదికి వెళ్లి తిరిగి రాక అప్పటికి రెండేళ్లు దాటింది. ఆ రెండేళ్లలో మా మొగలిదిబ్బ సభలో ఆయన ఓటు మాత్రం ఒక్కసారీ తప్పలేదు. ఒడ్డున ఉన్నవాళ్లలో చాలామందికి అంత శ్రద్ధ లేదు, నాతో సహా.

మా దీవి గురించి బయటివాళ్లకి తెలిసినవి రెండే, ఎండుచేపలూ కంపెనీలూ. ఎండుచేపల వాసన లాంచీ రేవుకి రాకముందే తెలుస్తుంది. కంపెనీల వాసన ఎవరికీ తెలియకుండా చూసినందుకే మాకు ఫీజులిస్తారు. రేవు వీధిలో ఏ ఇంటి గోడ చూసినా ఇత్తడి పలకలే. ఒక్కో పలకా ఒక్కో కంపెనీ. దాని యజమాని ఏ ఖండంలో ఉంటాడో, నల్లగా ఉంటాడో తెల్లగా ఉంటాడో ఆ ఇంటివాళ్లకి తెలియదు. పండక్కి పలక తోమి పెట్టడం వరకే వాళ్ల పని. నేను రిజిస్ట్రీలో గుమాస్తాను. నాకూ తెలియదు.

మా ఇసుకలో మొగలిపొదలు తప్ప ఏవీ మొలవవు. మేం పండించేది చట్టం. దూరదేశంలో ఒక ఆసామికి పన్ను బాధో కోర్టు భయమో పట్టుకుంటుంది. అతని వకీలు మాకు ఫోన్ చేస్తాడు. సాయంత్రానికల్లా అతని కొలతలకి సరిపోయే చట్టం కుట్టి ఇస్తాం. మా ఆసుపత్రీ, బడీ, ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే యంత్రమూ ఆ కుట్టుకూలి మీదే నడుస్తాయి.

చిక్కల్లా మా రాజ్యాంగంతోనే. అది తాతలనాటి జాలరుల కట్టుబాటు మీద కట్టింది. పెద్దవాళ్లైన ఆడా మగా అందరూ ఒడ్డున కూర్చుని చేతులెత్తాలి. మొత్తం జనంలో సగానికి మించి చేతులు లేస్తేనే చట్టం. మగవాళ్లేమో వారాల తరబడి వేటలో ఉంటారు. వకీళ్లు వారాలు ఆగరు, పక్క దీవికి ఫోన్ చేస్తారు. ఒక ఏడాది వేటకాలమంతా చేతులు చాలక ఒక్క చట్టమూ కాలేదు. ఆ ఏడాది ఆసుపత్రిలో నర్సులు ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకుని లాంచీ ఎక్కేశారు.

అప్పుడు సువర్చల నీడలు తయారుచేసింది.

సువర్చల మా దిబ్బ పిల్లే. వలలల్లే ఇంట్లో పుట్టి, బయట పెద్ద చదువులు చదివి, తిరిగొచ్చి మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీలో ప్రయోగశాల పెట్టుకుంది. ఒక మనిషిని నెల్లాళ్లు ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడించేది. మెడ మీదా ఛాతీ మీదా బొట్టుబిళ్లల్లాంటివి అంటించేది. ఎల్లాజీని కూర్చోబెట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"అన్నా, పక్కింటాయన వల అడిగితే ఇస్తావా?" అంది సువర్చల.

"ఎవుడాడు?"

"ఎవరైనా సరే."

"ఎవుడైనా అంటే ఎలగమ్మా? వల సింపీసీవోడు ఉంటాడు, కుట్టి ఇచ్చీవోడు ఉంటాడు. పేరు సెప్పు, అప్పుడు సెప్తాను."

సువర్చల నవ్వుకుంటూ తెర మీది గీతల్నే చూస్తోంది. జవాబు ఎవరైనా చెప్తారు, జవాబుకి ముందు ఆ మనిషి ఎక్కడ ఆగుతాడు, ఎంతసేపు ఆగుతాడు, ఊపిరి ఎలా తీస్తాడు అన్నదే తనకి కావాలని ఆ తరవాత నాకు చెప్పింది. మనిషి మనసు మార్చుకునేది అక్కడేనట.

నెలాఖరుకి టిఫిన్ క్యారేజీ అంత పెట్టె ఒకటి ఇంటికొచ్చేది, అదే ఆ మనిషి నీడ. బిల్లు చదివి వినిపిస్తే ఆ మనిషి గొంతుతోనే అవుననో కాదనో చెప్పేది, ఎందుకో కూడా చెప్పేది. మనిషి వేటలో ఉన్నంతకాలం పెట్టె మాట చెల్లుతుంది. మనిషి ఒడ్డెక్కగానే పెట్టె నిద్రపోతుంది. తిరిగొచ్చినవాళ్లని అవే బిల్లుల మీద అడిగి చూస్తే దాదాపు అన్నీ సరిపోయాయి. తన బుద్ధి ఇంత సులువుగా పట్టుబడిందా అని ఒకాయన వారం రోజులు అలిగాడు. ఆడవాళ్లయితే పెట్టెని వంటింట్లో పెట్టుకుని, చేపల పులుసులో మామిడికాయ వెయ్యాలా వద్దా అని కూడా దాన్నే అడిగేవారు. పెట్టె తిట్టేది కూడా. అచ్చం మొగుడిలాగే.

ఇంత చేసిన సువర్చలా, దాన్ని చట్టం చేసిన మేమూ ఒక్క ప్రశ్న అడగలేదు. వెళ్లినవాడు తిరిగి రాకపోతే?

తోచక కాదు. మా దిబ్బ మీద ఆ మాట ఎవరూ అనకూడదు. వేటకెళ్లినవాడు రాకపోతే, ఇక రాడని చెప్పే హక్కు అతని భార్య ఒక్కదానికే ఉంది. నలుగురూ వినేలా ఆమె అనేదాకా అతను సముద్రం మీద ఉన్నట్టే. తల్లి అనకూడదు, కొడుకు అనకూడదు. అంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ ఏడవకూడదు కూడా. ఏడిస్తే పడవ ఇంకా దూరం జరుగుతుందని మా నమ్మకం. పూర్వం ఆడవాళ్లు కొన్ని నెలలు చూసి, గుండె రాయి చేసుకుని అనేవారు. ఆ వెంటనే అందరూ పనులు ఆపి, చెప్పులు విప్పి నీళ్ల దాకా నడిచేవారు. ఏడుపులూ కర్మలూ అయ్యాక, కావాలనుకున్న మనిషి మారుమనువు చేసుకునేది. సభలో నీడల చట్టం చదువుతున్నప్పుడు ఈ ప్రశ్న మా అందరి గొంతుల్లోనూ ఆడింది. ఎవరూ నోరు మెదపలేదు. బయటి వకీళ్లకి అసలు అడగాలనే తెలియదు.

పెట్టెలొచ్చాక ఏ భార్యా ఆ మాట అనలేదు. ఎలా అంటుంది? వంటింట్లో ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. రానివాళ్లు ఏటేటా పెరిగారు, వాళ్ల ఓట్లు మాత్రం అలాగే ఉండిపోయాయి.

ఈ సంగతి అందరికన్నా ముందు పట్టాభి కనిపెట్టాడు. పట్టాభి మా దీవి ప్రధాన కార్యదర్శి. చెడ్డవాడు కాదు. వెళ్లిపోయిన నర్సుల్ని బతిమాలి వెనక్కి తెచ్చింది ఆయనే. కానీ ఏ వస్తువు చూసినా దీన్ని ఎవరికి అమ్మొచ్చా అని ఆలోచించే బుర్ర ఆయనది. ఈసారి మా ఆచారాన్నే అమ్మాడు.

దూరదేశాల శ్రీమంతులు మా పౌరసత్వం తీసుకోవడం మొదలుపెట్టారు. ఐస్ ఫ్యాక్టరీకొచ్చి నీడ చేయించుకునేవారు. రోగం ముదిరి ఇక లాభం లేదనుకున్నప్పుడు ఒక నౌక ఎక్కేవారు. చచ్చిపోయినా చట్టం దృష్టిలో చచ్చిపోరు, సముద్రం మీద ఉంటారు. ఆస్తి పంపకం ఉండదు, వారసత్వపు పన్ను ఉండదు. కంపెనీని నీడే నడుపుతుంది. ఆ మాట అనబోమని భార్యలు ముందే సంతకం పెట్టేవారు. దీనితో కొత్త ఆసుపత్రి కట్టడం మొదలైంది. వేటకెళ్లి రానివాళ్ల ఇళ్లకి సముద్ర భత్యం అని నెలనెలా ఒక ఏర్పాటు వచ్చింది.

అంతా సవ్యంగా సాగుతుండగా ఒక శ్రీమంతుడి మూడో భార్య, సవతి కొడుకులతో పోట్లాడి, పెట్టిన సంతకాన్ని పక్కన పడేసి, లాంచీలో దిగి మా ఒడ్డున నిలబడి, "నా భర్త ఇక రాడు" అని ఇంగ్లీషులో అరిచింది. మా చట్టం ప్రకారం అది చెల్లింది. ఒక్క మాటతో మహా సామ్రాజ్యం ముక్కచెక్కలైపోయింది. అప్పటి నుంచీ శ్రీమంతులందరికీ భార్యలంటే భయం పట్టుకుంది. వాళ్ల వకీళ్లు కలిసికట్టుగా ఒక బిల్లు పంపారు. నీడ జవాబు చెబుతున్నంతకాలం మనిషి సజీవుడే, భార్య మాట ఇకపై చెల్లదు. లేకపోతే పక్క దీవికి పోతామన్నారు. ఊరు రెండుగా చీలింది. రానివాళ్ల నీడలు ఎటు వాలితే అటే.

బిల్లు సభకొచ్చే ముందు రోజు నూకరత్నం ఐస్ ఫ్యాక్టరీకొచ్చింది. నూకరత్నం ఎల్లాజీ భార్య. ముప్పై దాటి ఉండదు. ఏదో కాగితం పని మీద నేనూ అక్కడే ఉన్నాను. ఆమె కూర్చోలేదు.

"డాక్టరమ్మా, మా మావకి తెలుసునా, తాను తిరిగి రానేదని?"

సువర్చల చేతిలో పని వదిలేసింది. "తెలీదొదినా. నీడకి బిల్లు తప్ప మేం ఏమీ చెప్పం. వేటకెళ్లానన్నంత వరకే తెలుసు."

"సెప్తే ఏటవుద్ది?"

"నాకు తెలీదు. ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు."

"నువ్వెందుకు సెప్పనేదు మరి? నువ్వే గదా సేసినావు."

"నేనూ ఈ దిబ్బదాన్నే కదా వదినా," అంది సువర్చల. "నా నోటితో ఎలా అంటాను?"

తరవాత ఆమెకి తెర మీద ఏదో చూపించింది. తిరిగొచ్చినవాళ్లు ప్రతి వేటకీ కొంచెం మారతారట. అందుకని వాళ్ల నీడల్ని మళ్లీ మళ్లీ దిద్దాలి. రానివాళ్లవి దిద్దడానికి మనిషి లేడు. వెళ్లిన రోజు ఎలా ఉన్నారో అలాగే ఉంటారు.

"అయితే మావ ఇంకా ఆ రోజులోనే ఉన్నాడన్నమాట," అంది నూకరత్నం.

"అవునొదినా."

"నాను ఆ రోజులో ఉండిపోనేదు గదమ్మా," అంది ఆమె. "రెండేళ్లుగా ఒక్క సుక్క కన్నీరు కార్సనేదు. పండగొస్తే పువ్వులెట్టుకోవాలో మానాలో తెలీదు. మావ కోసం ఒక్కసారి ఏడవాలనుంటాది. అంతకన్నా నాకేటీ అక్కర్నేదు. రేపు బిల్లు పాసైతే అదీ నేదు."

నూకరత్నం ఇంటికెళ్లేసరికి అత్త అప్పాయమ్మ చేపలు ఎండబెట్టడానికి ఒడ్డుకెళ్లింది. అప్పాయమ్మ సంగతి ఊరందరికీ తెలుసు. రోజూ పొద్దున్నే పెట్టె ముందు కూర్చుని, ఎవరి వలలో ఏం పడిందో కొడుక్కి పూస గుచ్చినట్టు చెప్పేది. ఎవరైనా జాలిగా చూస్తే పళ్లు రాలగొడతాననేది. కోడలు ఆ మాట అనలేకపోవడానికి ఆమె కూడా ఒక కారణమని మేం అనుకునేవాళ్లం. నూకరత్నమూ అలాగే అనుకునేది.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నూకరత్నమే తరవాత మాకు చెప్పింది. చీర కొంగుతో పెట్టె మీది మసి తుడిచి, ఎదురుగా పీట వేసుకుని కూర్చుందట.

"మావా."

"ఏటే, బిల్లేటైనా వచ్చినాదేటి?"

"బిల్లు కాదు. నీకో మాట సెప్పాల. నువ్వు రానేదు మావా."

పెట్టె ఆగింది. బతికున్నప్పుడు చెడ్డవార్త వింటే ఎల్లాజీ ముక్కుతో గట్టిగా ఊపిరి తీసి కాసేపు బిగబట్టేవాడు. అలాగే ఆగిందట.

"ఎన్నాళ్లయినాది?"

"రెండేళ్లు దాటినాది."

"పడవేటైంది?"

"దొరకనేదు. నీ వల బెండులు మాత్రం దక్షిణం ఒడ్డుకి కొట్టుకొచ్చినాయి."

"అమ్మకి తెలుసునా?"

"ఎవుల్నీ అననివ్వదు. రోజూ నీతో కబుర్లే గదా."

"మరి నువ్వెందుకు అననేదే?"

"ఎలగంటాను? పులుసులో మామిడికాయ ఎందుకేసినావని నువ్వు తిడతన్నావు గదా."

పెట్టె నవ్వింది. ఆ నవ్వు వింటే చేద్దామనుకున్నదంతా చెయ్యి జారిపోయిందని నూకరత్నం మాతో చెప్పింది. అయినా అడిగింది. "రేపు బిల్లుకి కాదని సెప్పు మావా. అది పాసైతే నాను ఇంకెప్పటికీ అననేను."

"కాదని ఎందుకంటాను? అవుననే అంటాను."

"అదేటి మావా!"

"సూడు. నాను పోయినానంటే భత్యం ఆగిపోద్ది. అమ్మ మందులెలగ? ఇల్లెలగ? నాను ఉన్నాననే ఉంటే నీకు తిండికి లోటు నేదు. సంద్రంలో పోయి కూడా ఇంటికి పనికొస్తన్నాను. మగోడికి ఇంకేటి కావాల?"

"నీకోసం ఏడవాల మావా."

"ఏడిస్తే కడుపు నిండుతాదేటి?"

నూకరత్నానికి ఒళ్లు మండిపోయింది. పెళ్లైనప్పటి నుంచీ వాళ్లిద్దరి మధ్యా ఇదే పోట్లాట. ఆయనకి ఇల్లు గడిస్తే చాలు. ఆమె మనసులో ఏముందో అడగడు. అడగకుండానే ఆమె కోసం ప్రాణం పెట్టేవాడు. సువర్చల నీడని ఎంత చక్కగా పట్టుకుందంటే, ఆ మొండితనమూ వదల్లేదు, ఆ ప్రేమా వదల్లేదు.

"నువ్వు మారవు," అంది నూకరత్నం.

"ఎలగ మారతానే," అంది పెట్టె. తరవాత కొంచెం మెల్లగా, "నువ్వు అన్నం తిన్నావేటి?" అని అడిగింది.

మర్నాడు సభ. రేవు పక్కన రేకుల షెడ్డు కిక్కిరిసిపోయింది. ముందు బల్ల మీద సముద్రం మీద ఉన్నవాళ్ల నీడల ఓటు చెప్పే చిన్న దీపాలు వరసగా వెలుగుతున్నాయి. వాటిలో తిరిగొచ్చేవాళ్లవేవో తిరిగి రానివాళ్లవేవో మా అందరికీ తెలుసు. పట్టాభి బిల్లు చదివాడు. దాచకుండానే మాట్లాడాడు.

"నాకూ మనసొప్పడం లేదు. కానీ మనకి పండేది చట్టం ఒక్కటే. వీళ్లు పోతే ఆసుపత్రి కట్టడం సగంలో ఆగిపోతుంది. బడికి ఫీజు కట్టాల్సొస్తుంది. ఒక ఆచారం వదులుకుంటే ఇన్ని నిలబడతాయి. ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి. చేతులెత్తాక చెప్పి లాభం లేదు."

నూకరత్నం లేచింది. పక్కనే అప్పాయమ్మ కూర్చుని ఉంది. నూకరత్నం ఆమె వైపు చూడలేదు.

"పట్టాభి బాబూ, నాకో మాటున్నాది."

"బిల్లు మీదేనా అమ్మా?"

"కాదు. మా మావ మీద."

తరవాత రాబోయే మాట ఏమిటో అందరికీ తెలిసిపోయింది. నా పక్కన కూర్చున్న ముసలాయన చెవులు మూసుకున్నాడు.

"నా పెనిమిటి ఎల్లాజీ సంద్రానికెల్లినాడు," అంది నూకరత్నం. "ఇంక రాడు."

కాసేపటికి బల్ల మీద ఒక దీపం ఆరిపోయింది. వెనక వరసలో తన యంత్రం ముందు కూర్చున్న సువర్చల ఆర్పింది. ఆర్పే ముందు నీడతో ఏమైనా చెప్పావా అని తరవాత అడిగాం. చెప్పానంది. దానికి ఎల్లాజీ ఏమన్నాడంటే మాత్రం ఇప్పటికీ చెప్పదు.

పట్టాభి బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ మాట వినపడ్డాక మా దిబ్బ మీద ఇంకే పనీ జరగదు. ఆ సంగతి ఆయనకి ఒకరు గుర్తుచెయ్యాల్సిన పని లేదు. ముందుగా చెప్పులు విప్పిందీ ఆయనే.

బిల్లు ఏమైందో కూడా చెప్పేస్తాను. మైలదినాలు గడిచేలోగా మరికొందరు ఆడవాళ్లు ఒడ్డున నిలబడి అదే మాట అన్నారు. అందరూ అనలేదు. ఇప్పటికీ రెండు మూడు వంటిళ్లలో పెట్టెలు మాట్లాడుతూనే ఉన్నాయి, వాళ్లని ఎవరూ తప్పుపట్టరు. బిల్లు మళ్లీ సభకొచ్చినప్పుడు చేతులు చాలలేదు. శ్రీమంతులు చెప్పినట్టే పక్క దీవికి పోయారు. రేవు వీధి గోడల మీద పలకలు ఊడదీసిన మేకుల కన్నాలు చాలా మిగిలాయి. ఆసుపత్రి కట్టడం పైకప్పు లేకుండా నిలబడి ఉంది. నూకరత్నం చేపల గంప ఎత్తుకుని ఊరంతా తిరుగుతుంది. ఆమె చేసింది మంచా చెడా అని టీకొట్టు దగ్గర మేం ఇప్పటికీ కొట్టుకుంటాం. నాకు జీతం సగమైంది. అయినా ఆమె తప్పు చేసిందని నా నోటికి రాదు.

ఆ రోజు గురించి మాకు గుర్తుండిపోయింది బిల్లు కాదు, అప్పాయమ్మ.

మాట అనేశాక నూకరత్నం అత్త వైపు తిరిగింది. చెంప పగులుతుందని సిద్ధపడే తిరిగింది. ముసలామె కూర్చున్నచోటే ఉంది.

"తిట్టత్తా," అంది నూకరత్నం. "కొట్టు. నీ కొడుకుని నాను లేకుండా సేసినాను."

"ఎందుకు కొడతానే?" అంది అప్పాయమ్మ. "నాకు తెల్దేటి? బెండులు కొట్టుకొచ్చిన దినమే తెలుసు. తల్లి అనకూడదు గదే, పెళ్లామే అనాల. నువ్వెప్పుడంటావా అని సూసినాను. ఆ పెట్టె మాటాడతంటే నీ మొగంలో వెలుగొచ్చీది. పోన్లే, పిల్ల ఆ మాత్రం బతుకుతాదని, నీ కోసమే రోజూ పొద్దున్నే దాని ముందు కూకుని వాగీదాన్ని."

"నాను నీ కోసమని ఊరుకున్నాను గదత్తా," అంది నూకరత్నం.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడు అప్పాయమ్మ నోరు తెరిచి కొడుకుని పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. ఎన్నో ఏళ్లుగా మా దీవి మీద ఎవరూ అలా ఏడవలేదు. చిన్నపిల్లలకైతే అదేం చప్పుడో కూడా తెలియలేదు, భయపడి తల్లుల కొంగులు పట్టుకున్నారు. నూకరత్నం అత్తని వాటేసుకుని తానూ ఏడ్చింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని సముద్రం వైపు నడిచారు. మేమందరం వాళ్ల వెనకాలే నీళ్ల దాకా వెళ్లాం.